నిద్రపోయి రాసిన లెక్క

ఏటుకూరు రోడ్డు, మిర్చి కోల్డ్ స్టోరేజీ,
మూడో రాత్రి.
కంప్రెసర్ మళ్ళీ పడిపోయింది.
నా లాగ్ మాత్రం అంతా క్షేమం అంటోంది.

రెండూ మూడు నిమిషాలు, 231.4
రెండూ నాలుగు, 231.4
రెండూ అయిదు, 231.4
పావుగంట దాకా అదే.
గుంటూరు కరెంటు ఇంత బుద్ధిగా ఉండటం
పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు.

ముందు కేబుల్‌ని అనుమానించాను,
పాపం, ఎప్పుడూ దాన్నే అంటాం.
యూఎస్‌బీ మూతి నిండా మిరప ధూళి.
ఊదితే తుమ్ములు నాకే, ఏడు, లెక్కపెట్టాను.
డ్రైవర్ పీకేసి మళ్ళీ వేశాను.
లాప్‌టాప్‌కి సెట్టింగుల్లో నిద్ర మాన్పించాను.
విజయవాడ నుంచి మా సార్ ఫోన్లో ఆవలిస్తూ
ప్రోబ్ మార్చు, పోర్ట్ మార్చు, వెర్షన్ మార్చు అని
నన్ను తప్ప అన్నీ మార్చమన్నాడు.

ఆపరేటర్ ఏసోబు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.
అమ్మోనియా వాసన చొక్కాలా పట్టేసిన మనిషి.
గంటగంటకీ ప్రెషరూ టెంపరేచరూ
పెన్సిల్‌తో రాసే లాంగ్ నోట్‌బుక్కు చంకలో.
నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని
తెర మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జార్చాడు.
231.4, 231.4, 231.4.
నవ్వాడు.
"ఇది నిద్రపోయి రాసిన లెక్క మేడం."

నీకెట్లా తెలుసంటే
నోట్‌బుక్కు తెరిచాడు. పోయిన వేసవిలో ఒక పేజీ.
ఒంటిగంటకీ రెండింటికీ మూడింటికీ నాలుగింటికీ
ఒకటే అంకె, ఒకే ఊపులో.
"ఆ పగలంతా చిన్నదానితో జనరల్ ఆస్పత్రిలో ఉన్నా.
తెల్లారి మెలకువొచ్చాక పైదే కిందికి దించా.
మేలుకున్నోడి లెక్కలో
చివరంకె కాస్తన్నా కదులుద్ది."

అప్పుడు కనిపించింది
స్కోపు అంచున చిన్న పసుపు బాణం.
ట్రిగ్గర్. మూడు వందల వోల్టుల దగ్గర
మొదటి రోజు నేనే పెట్టిన గీత.
అల ఆ గీత దాటితేనే తెర కొత్త బొమ్మ గీస్తుంది,
దాటకపోతే పాత బొమ్మ పట్టుకుని కూర్చుంటుంది.
సాఫ్ట్‌వేర్ నిమిషానికోసారి వెళ్ళి తలుపు తట్టి
ఆ పాత మాటే కొత్త టైము వేసి రాసుకొస్తుంది.
కరెంటు కుంగి కుంగి గీత కింద కొట్టుకుంటుంటే
పైన నా అంకె నున్నగా, దువ్వినట్టు.
నేను దేనికోసం వచ్చానో
సరిగ్గా దానికే అడ్డంగా గీత గీసి
మూడు రాత్రులు కేబుల్‌ని తిట్టాను.

చెబితే ఏసోబు మొత్తం విన్నాడు.
"గీత కిందోళ్ళని రాసుకోకపోవటం
మనకేం కొత్తా" అని
బీడీ కోసం గేటు బయటికి పోయాడు.

బాణాన్ని సున్నా దగ్గరికి దించాను.
ప్రోగ్రాంలో ఒక్క వాక్యం కలిపాను:
కొత్త అల రాకపోతే గడి ఖాళీగా వదులు.

నాలుగో రాత్రి.
229.8, 230.6, 228.9
ఎవరో ఊపిరి తీస్తున్నట్టు, అనబోయి ఆగాను.
వోల్టులు వోల్టులే.
రెండూ నలభై మూడుకి 187.2.
గోడవతల పక్క స్టోరేజీ మోటార్లు గుర్రుమన్నాయి,
ఇద్దరం విన్నాం.
మా కంప్రెసర్ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.
దొరికిందని ఎగిరి గంతేశాను,
వెంటనే సిగ్గేసింది.
లోపల రైతుల బస్తాలు నలభై వేలు.

ఏసోబు పరుగున వెళ్ళి, అంకె పైకి లేచాక
రీసెట్ నొక్కి, మెల్లగా వచ్చాడు.
ముక్కాలిపీట మీద కూర్చుని నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకున్నాడు.

తెల్లారి సర్దుకుంటూ ఆ పేజీ చూశాను.
మూడు గంటలు, రాశాడు.
అయిదు గంటలు, రాశాడు.
నాలుగు గంటల గడిలో
పెన్సిల్ మొన ఆనిన చుక్క ఒకటి,
అంతే.